నలభై టన్నులు, సగం వెంట్రుక

నాకు ఫిజిక్సు రాదు. బరువులొచ్చు.
పసుపుపచ్చ క్రేను, చేతిలో ఆరు మీటలు,
కింద, ఆరె నది ఒడ్డున కట్టిన ఈ హాలు పొడుగునా
కాంక్రీటు దిమ్మెలు.
ఒక్కోటి నలభై టన్నులు.
ఒక్కోదానికి ఒక నంబరు, ఒక మొండితనం.

పాత కిరణమార్గం పీకేసి కొత్తది వేస్తారట.
ఇప్పుడు సెకనుకి పది కోట్ల మ్యూయాన్లు వస్తున్నాయి,
చాలవట.
వెయ్యి కోట్లు కావాలట.
మా ఆవిడ గ్రాసా ఈ మాట విని
"పది కోట్లు చాలనివాళ్లు
ఈ దేశంలో బ్యాంకుల్లోనే ఉంటారనుకున్నా" అంది.

పై వరుసలు నేను పేర్చినవే, పద్దెనిమిదేళ్లుగా.
అడుగు వరుస నాకన్నా ముందుది.
పదిహేడో నంబరు లేచినప్పుడు
పక్కదానికి ఆనుకున్న మొహం మీద
సుద్దరాతలు బయటపడ్డాయి:
ఒక బాణం గుర్తు, ఏదో ఫుట్‌బాల్ ఆట స్కోరు.
మూడు, సున్నా.
ఎవరు గెలిచారో రాయలేదు.
రేడియేషన్ కొలిచే కుర్రాడు దూరంగా నిలబడి
బొటనవేలు ఎత్తాడు.
నేను కాసేపు దాన్ని గాల్లోనే ఉంచాను,
చదువుకోడానికి.

గాజు గోడకి అవతల వ్రేణి.
ముక్కుకి గుడ్డ, తలకి టోపీ,
మనిషి మొత్తం రెండు కళ్లలోకి కుదించుకుపోయి ఉంటుంది.
ఆమె ముందు సిలికాన్ రేకు,
మందం వెంట్రుకలో సగం.
ఉల్లిపొర దాని పక్కన గోనెపట్టా.
సూదిమొనంత జిగురు పెట్టి
ఊపిరి బిగబట్టి
పొర మీద పొర వాలుస్తుంది.
వాళ్ల అమ్మమ్మ వోలెన్ ఊళ్లో
గడ్డిపోచలు అల్లి, ఊరిపేరు తెలియని
ప్యారిస్ దొరసానులకి టోపీలు పంపేదట.
"అదే పని నాదీ. గడ్డి కాస్త ఖరీదు, అంతే."

అంత పల్చన దేనికని
కాఫీ మిషను దగ్గర అడిగాను.
"చచ్చిపోతూ మ్యూయాన్ విసిరే రవ్వ
మహా సుకుమారం, అదెలీనో.
ఏది తగిలినా దారి తప్పుతుంది.
మేం చూడాలి, కానీ అడ్డం ఉండకూడదు.
చల్లబరచడానికి నీళ్లు కూడా పెట్టం,
హీలియం ఊదుతాం."

నా చేతులు చూసుకున్నాను.
ఇన్నేళ్లూ నా ఉద్యోగమే
అడ్డం పెట్టడం.

ఇంతకీ దేనికోసం వెతుకుతున్నారు?
ఒక మ్యూయాన్ పోతూ పోతూ
ఎలక్ట్రాన్ జాతివి మూడింటిని వదలాలి,
ఇంకేమీ వదలకూడదు.
అలా ఎప్పుడైనా అయిందా?
లేదు.
పోనీ, ఎవరైనా చూశామన్నారా?
లేదు.
లక్ష కోట్లలో ఒక్కటి కూడా లేదని
ముందువాళ్లు తేల్చి వెళ్లారట.
వీళ్లు దానికి పదివేల రెట్లు వెతికి
మళ్లీ లేదనే తేల్చవచ్చు.
"అప్పుడేం చేస్తారు?"
"ఇంకా బాగా లేదని రాస్తాం" అంది,
చక్కెర కలుపుకుంటూ.

మార్చిలో ఒక మంగళవారం
ట్రియెస్టె నుంచి వచ్చిన విద్యార్థి ఫియోరెంజో
తుమ్మాడు.
మోచెయ్యి కదిలింది.
మూడు వారాల పని విరిగింది,
చప్పుడు కూడా కాలేదు.
వాడు చేతితొడుగులతోనే కళ్లు తుడుచుకోబోతే
వ్రేణి మణికట్టు పట్టుకుని ఆపింది.
కుంచెతో తునకలు కాగితంలోకి ఊడ్చింది.
పనిపుస్తకంలో రాసింది:
ఒకటి విరిగింది. ఇంకోటి మొదలుపెట్టాం.

ఆ వారమే కొత్త అయస్కాంతం దించాను.
రాగి చుట్ల పెద్ద గొట్టం, లోపల ఒక దూడ పట్టేంత.
కిందివాడు రెండు వేళ్లు దగ్గరపెట్టి చూపించాడు:
ఇంకా ఇంత.
ఆ ఇంత, గోటి మందం.
మీట మీద వేలు ఆనించీ ఆనించకుండా...
తర్వాత ఛాతీ నొప్పెడితే తెలిసింది,
ఊపిరి తీసుకోలేదని.

మ్యూయాన్ బతికేది
సెకనులో పది లక్షల వంతులు రెండు.
దానికి ఇంత ఇల్లు.

పదిహేడో నంబరు తిరిగి దాని చోటికి వెళ్లేరోజు
యార్డులో నేలమీద ఉండగానే
ఫియోరెంజో సుద్దతో తారీఖు రాశాడు.
స్కోరు కింద వ్రేణి చిన్న అక్షరాలతో
ఒకటి విరిగింది, అని రాసింది.
నాకూ సుద్ద ఇవ్వబోయారు, కింద నుంచి చెయ్యెత్తి.
అప్పటికే పైకి ఎక్కేశాను.
అందరినీ పక్కకి తప్పుకోమన్నాను.
దించాను.